నాకు పడదు

ఆ రోజుల్లో మా ధర్మపురి వైపు మగవాడి విలువను అతను తినే కారంతో కొలిచేవాళ్ళు. పొలం ఎంత, పశువులెన్ని అనేవి ఆ తర్వాతి సంగతులు. రాగిముద్ద పక్కన పచ్చిమిరపకాయ పెట్టుకొని, కరకరా కొరుకుతూ, కంట్లో నీటిచుక్క లేకుండా ఊరి రాజకీయం మాట్లాడగలిగినవాడు మగవాడు. మధ్యలో ముక్కు చీదినవాడు ఇంకా పెరగాల్సినవాడు. అసలు మిరపకాయే ముట్టనివాణ్ణి ఏమనాలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో అలాంటి ప్రాణి నేనొక్కణ్ణే. (ఇప్పుడు చూడండి, మా వాడికి వేరుశనగ పడదు, మా అమ్మాయికి గోధుమ పడదు అని తల్లులు బడి గేటు దగ్గర ఎంత దర్జాగా చెప్పుకుంటున్నారో. ఇంకో ముప్పై ఏళ్ళు ఆగి పుట్టి ఉంటే నాకూ ఆ దర్జా దక్కేది. తొందరపడ్డాను.)

మాది తమిళనాడు ధర్మపురి జిల్లాలో, మొరప్పూర్ దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా వీధి నిండా తెలుగు మాట్లాడేవాళ్ళే, కానీ తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు లేరు. నేను పాల వ్యాను తోలుతూ కుప్పం దాకా తిరిగిన కాలంలో బస్సుల బోర్డులు, గోడల మీది రాతలు కూడబలుక్కొని నేర్చుకున్నాను. అందుకే ఇది రాసే ధైర్యం వచ్చింది. (మా వాళ్ళెవరూ చదవలేరన్నది అంతకంటే పెద్ద ధైర్యం.)

అమ్మా నాయనా పొద్దున్నే కూలికి పోయేవాళ్ళు, నన్ను పెంచింది మా అవ్వ. నాలుక కొసకు ఇంత కారం తగిలితే చాలు, ముందు నా పెదవులు ఉబ్బేవి, తర్వాత కళ్ళ కింద, తర్వాత చెవులు. ఒళ్ళంతా దద్దుర్లు. కాస్త ఎక్కువైతే గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఈల వేసేది. అదే మిరియాలైతే గుప్పెడు నమిలినా ఏమీ కాదు. అల్లం, ఆవాలు, శొంఠి, అన్నీ నాకు చుట్టాలే. ఆ మిరపకాయ ఒక్కటే నా మీద పగబట్టింది. ఈ తేడా ఎవరికి చెప్పినా నమ్మేవాళ్ళు కాదు. "మిరియం తింటావు, మిరక్కాయ తినవా? ఏం నాటకంరా ఇది?" అని మా పెదనాయన చాలా కాలం నా మీద నిఘా పెట్టాడు.

ఒకసారి నన్ను ధర్మపురి టౌనుకు తీసుకుపోతే డాక్టరు చూసి "అలర్జీ" అన్నాడు. మా అవ్వ ఆ మాటను జాగ్రత్తగా ఊరికి మోసుకొచ్చి, దారిలో కాస్త అరగదీసి, "మావోనికి అల్లరంట, డాక్టరే చెప్పినాడు" అని వీధంతా చాటింది. దాంతో ఊళ్ళో ఎక్కడ ఏ కుండ పగిలినా ముందు నన్నే పిలిచేవాళ్ళు. డాక్టరు సర్టిఫికెట్ ఉన్న అల్లరి కదా మరి.

అవ్వ దృష్టిలో అసలు జబ్బు వేరే. అది దిష్టి. నా ముఖం ఉబ్బినప్పుడల్లా నిప్పుల మీద ఎండుమిరపకాయలు వేసి నా చుట్టూ తిప్పేది. మీకు తెలుసు కదా, ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, ఘాటు వచ్చి దగ్గొస్తే దిష్టి లేనట్టు. నేను ఆ పొగకు దగ్గి దగ్గి నేల మీద పొర్లుతుంటే, అవ్వ తృప్తిగా చేతులు దులుపుకొని "దిష్టి ఏమీ లేదు, బిడ్డ బాగుండాడు" అనేది. అలా ప్రతిసారీ చావుకు జానెడు దూరం దాకా పోయి, ఆరోగ్యవంతుడినని నిరూపించుకొని తిరిగి వచ్చేవాణ్ణి.

పెద్దయ్యాక ఊరు నాకు "సప్పోడు" అని పేరు పెట్టింది. చప్పిడి తిండి తినేవాడు సప్పోడు. టీకొట్టులో అందరూ పరోటా మీద ఎర్రటి సాల్నా, అదే కారం పులుసు, పోయించుకుంటే నేను చక్కెర చల్లించుకునేవాణ్ణి. పరోటా మాస్టరు చక్కెర డబ్బా తీసేటప్పుడు "పాపకు ఏం కావాల?" అని నా వైపే చూస్తూ అడిగేవాడు. అదంతా నేను పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిన రోజు పెళ్ళి సంబంధాలతో వచ్చింది. మొదటి సంబంధంలో పిల్ల తల్లి "కారం తినడా? అట్లయితే మా పిల్ల ఏమి వండాల, గోడకు సున్నమా?" అని లేచిపోయింది. రెండోచోట మా మీద జాలిపడి, ముందు కొడుక్కి మంచి వైద్యం చేయించమని చెప్పి పంపారు.

మూడో సంబంధం తెచ్చింది మా అమ్మ తమ్ముడు. మొరప్పూర్ నుంచి కడత్తూరు దాకా తిరిగే ప్రైవేటు బస్సులో కండక్టరు, అందుకే ఇంటిల్లిపాదికీ ఆయన బస్సు మామ. ఏ ఊళ్ళో ఏ ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉందో ఆ రూటులో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. "కడత్తూరు పక్కన ఒక పల్లె. మనోళ్ళే, ఇంట్లో తెలుగే. ఆవులు, ఎనుములు ఉండాయి. పిల్ల ప్లస్ టూ చదివినాది. అల్లుడూ, ఇది పోతే మళ్ళా స్టాపింగ్ ఎక్కడుందో నాకే తెలీదు," అన్నాడు మామ.

బయలుదేరే ముందు అవ్వ నన్ను మూలకు లాగింది. "రేయ్, చెప్తా విను. కేసరి తిను, కాఫీ తాగు. బజ్జీ జోలికి పోవద్దు. ఏమంటే కడుపు నిండిందను. మిరక్కాయ అనే మాట నీ నోట్లోనుంచి వచ్చిందా, మళ్ళా నా మొగం చూడొద్దు."

"వాళ్ళే అడిగితే?"

"మాప్పిళ్ళను పట్టుకొని నీకు మిరక్కాయ పడతాదా అని ఎవురడుగుతారురా? సంబళం ఎంత అని అడుగుతారు." (మా వైపు మాప్పిళ్ళ అంటే పెళ్ళికొడుకు, సంబళం అంటే జీతం.)

"పెండ్లి అయినాక తెలిసిపోదా అవ్వా?"

"పెండ్లి అయినాక తెలిస్తే అది కాపురం. ముందే తెలిస్తే అది వంక," అని అవ్వ నా తల దువ్వి, పాపిట సరిచేసి, బస్సెక్కించి, తనూ ఎక్కింది. (అమ్మా నాయనా ఆ పూట కూలి మానుకోలేకపోయారు. పిల్ల కుదిరితే వస్తామన్నారు. వాళ్ళకు నా మీద ఉన్న నమ్మకం అంతమాత్రం.)

ఆ ఇల్లు నాకు చూడగానే నచ్చింది. ముందు అరుగు, పక్కన పశువుల కొట్టం, పేడ, పచ్చిగడ్డి కలిసిన వాసన. పిల్ల నాయన మీసాలు పెద్దవి, మాటలు చిన్నవి. మమ్మల్ని ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి ఆయన గడప దగ్గర నిలబడ్డాడు. సంబళం అడిగాడు. (అవ్వ నా వైపు గెలిచినట్టు చూసింది.) అప్పుడు పిల్ల వచ్చింది. తల ఎంతగా దించుకుందంటే, నాకు కనిపించినవి పాపిట, మల్లెపూలు, ప్లేటు పట్టుకున్న చేతులు మాత్రమే. మామకు, అవ్వకు ఇచ్చి, నా దగ్గరికి వచ్చి, "ఇది మీది. మార్చుకోవద్దు" అని మెల్లగా అని లోపలికి పోయింది. ఆ వెంటనే తెర వెనక నుంచి వాళ్ళ అవ్వ గొంతు, గుసగుస అనుకొని గట్టిగానే అడిగిన గొంతు, వినబడింది.

"ఎట్లుండాడే?"

"కాళ్ళు చూసినా. రెండుండాయి."

"అది గాదే, మొగం?"

"తల ఎత్తొద్దంటివి గదా అవ్వా. మొగం కాళ్ళకాడ ఉండుంటే చూసుందును. బొటనవేలి గోరు మాత్రం తీసుకోలేదు."

నేను గబుక్కున వేళ్ళు ముడుచుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది, గోరు సంగతిలోనూ, నా సంగతిలోనూ. అంత దించిన తల లోపల ఇంత నోరు దాచుకున్న మనిషి నాకు కావాలి అనిపించింది. అంతకుముందు రెండు సంబంధాలు పోయినప్పుడు నాకేమీ అనిపించలేదు, ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకున్నాను. ఇది పోతే మాత్రం తట్టుకోలేనని ఆ కుర్చీలో కూర్చొనే తెలిసిపోయింది.

ప్లేటులో రెండు బజ్జీలు, పక్కన కేసరి. బజ్జీలను మర్యాదగా పక్కకు జరిపాను. కేసరి మంచి నారింజ రంగులో, నెయ్యి కారుతూ, పైన జీడిపప్పుతో ఉంది. ప్రపంచంలో నేను గుడ్డిగా నమ్మే పదార్థం ఏదైనా ఉందంటే అది కేసరి. చెంచాడు నోట్లో వేసుకున్నాను. తీపి. ఆ వెనకే, తలుపు చాటున నిలబడి ఉన్నట్టుగా, ఏదో మంట. శొంఠి వేశారేమో అనుకున్నాను. ఇంకో చెంచా. కాదు, యాలకులు ఎక్కువయ్యాయేమో. నిజానికి నా నాలుకకు మొదటి చెంచాకే తెలుసు, పుట్టినప్పటి నుంచి ఉన్న పగ కదా అది. కానీ కేసరిలో కారం ఉంటుందని ఏ బుర్ర నమ్ముతుంది? పక్కన బస్సు మామ "అద్భుతం" అంటూ తన ప్లేటు తుడిచేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మీసాలాయన "ఎట్లుండాది మాప్పిళ్ళా? మా పిల్లే చేసినాది" అన్నాడు. ఆమె చేసిందనగానే నాకు మతి పోయింది. "శానా బాగుండాది" అని మొత్తం తినేశాను.

ముందు పెదవులు చురుక్కుమన్నాయి. తర్వాత కింది పెదవి మెల్లగా బరువెక్కి, నాకు సంబంధం లేని వస్తువులా వేలాడసాగింది. కళ్ళ కింద దురద. మామ మాటల మధ్యలో నా వైపు తిరిగి, ఆగిపోయి, "అల్లుడూ, నీ చెవి ఏందిరా అట్లుండాది?" అన్నాడు. తెర పక్కన నుంచి తొంగిచూసిన పిల్ల అవ్వ ఒక్క కేక పెట్టింది. "అయ్యయ్యో! మాప్పిళ్ళకు దిష్టి తగిలిందే! వీధి వీధంతా నోరు తెరుచుకొని చూస్తిరి గదా పాపిష్టోళ్ళు!"

ఆ ముసలమ్మకు ఆ వయసులో అంత వేగం ఎక్కడిదో. పొయ్యిలోని నిప్పులు గరిటెలోకి తీసి, చారెడు ఎండుమిరపకాయలు, ఉప్పు వేసుకొని నా మీదికి వచ్చేసింది. నేను మా అవ్వ వైపు చూశాను. ఆమె ముఖంలో అంత యుద్ధం నేనెప్పుడూ చూడలేదు. ఆపాలంటే మిరపకాయ మాట చెప్పాలి, చెబితే సంబంధం పోతుంది, చెప్పకపోతే మనవడు పోతాడు. నోరు తెరిచింది, మూసింది. చివరికి "దిష్టి ఏల లేమ్మా... ఎండలో వచ్చినాడు గదా..." అని సగం సగం గొణిగింది. ఆలోపల గరిటె నా తల చుట్టూ తిరగడం మొదలైంది. పొగ నేరుగా ముక్కులోకి దిగింది. గొంతు బిగుసుకుంది. ఇక ఒక్క క్షణం ఉంటే నా పెళ్ళిచూపులే నా ఆఖరి చూపులవుతాయని అర్థమై, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకొని లేచాను.

నేను చెప్పాలనుకున్నది "మిరపకాయల పొగ నాకు పడదు" అని. మొదటి మాట మీద అవ్వ నిషేధం ఉంది. ప్రాణం పోతున్నా ఆ నిషేధం గుర్తుకు రావడం మా అవ్వ పెంపకం గొప్పతనం. అందుచేత మొదటి భాగం మింగేసి, మిగిలింది అరిచాను. "నాకు పడదు! నాకు పడదు!" పెదవులు ఇంకా పూర్తిగా వాయలేదు కాబట్టి ఆ మాట వీధి చివరి దాకా స్పష్టంగా వినిపించింది. అరుగు మీది నుంచి దూకి, కొట్టం మధ్యలోంచి పరుగెత్తాను. ఒక దూడ బెదిరి, పలుపు తెంపుకొని, నేను ఎక్కడికి పోతున్నానో తనకూ అక్కడే పని ఉన్నట్టు నా వెంట పడింది.

మీరే చెప్పండి. పిల్లను చూపించారు, ఆమె చేసిన కేసరి పెట్టారు, తిన్నవాడు తువ్వాలుతో ముఖం కప్పుకొని "నాకు పడదు" అని అరుస్తూ పారిపోయాడు. (అదే తమిళంలో అరిచి ఉంటే 'ఒత్తుక్కాదు' అనేవాణ్ణి, ఏదో ఒంటికి సరిపోలేదని అనుకునేవాళ్ళు. కష్టకాలంలో అమ్మభాషే నోట్లోకి వస్తుంది, అదే కొంప ముంచింది.) మీసాలాయన మా మామ చొక్కా పట్టుకోలేదు కానీ పట్టుకున్నంత పని చేశాడట. "ఏమయ్యా కండక్టరూ, ఏమి పడదంట మీవోనికి? మా పిల్ల పడదా, మా ఇల్లు పడదా? పడకుంటే ఇంటికి పోయి కబురంపించొచ్చు గదా, ఊరంతా వినేట్టు అరిచి నా పరువు తీసేది ఏంది?" మామ ఏదో చెప్పబోయాడు కానీ, మా అవ్వ అప్పటికే నా వెనక పరుగెత్తుతూ "రారా తమ్మీ, బిడ్డ పడిపోతాడు!" అని కేక వేయడంతో, ఆ సంజాయిషీ అక్కడే ఆగిపోయింది.

బస్టాపు దగ్గర నేను కూలబడితే షేర్ ఆటోలో వేసుకొని ధర్మపురి ఆసుపత్రికి తెచ్చారు. ఇంజెక్షన్ వేసి, సెలైన్ పెట్టారు. నర్సమ్మ తమిళంలో "ఏం తిన్నావు?" అని అడిగితే "కేసరి" అన్నాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో కేసరి తిని ఇలా వచ్చినవాణ్ణి చూడలేదని ఆమె పక్క వార్డు నర్సును కూడా పిలిచి చూపించింది. ఊపిరి కుదుటపడింది. వాపు మాత్రం ఇంకా పెరుగుతూనే ఉంది. కళ్ళు రెండు సన్నని గీతలయ్యాయి. పెదవులు ఒకదానికొకటి కలవడం మానేశాయి.

మామ వరండాలోంచి మీసాలాయనకు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఎత్తడం లేదు. చివరికి ఒకసారి ఎత్తి, "పడదన్నారు గదా, సరి, వదిలేయండి. శుక్రవారం వేరే వాళ్ళు చూసుకొనేదానికి వస్తా ఉండారు" అని పెట్టేశాడట. మామ వచ్చి ఆ మాట చెప్పగానే నాకు ఏడుపొచ్చింది. వాచిన కళ్ళలోంచి నీళ్ళు బయటికి రావడానికి దారి లేక లోపలే నిలబడ్డాయి. "అవ్వా, నిజం చెప్పేయి. మిరపకాయ అని చెప్పేయి" అని బతిమాలాను. అది "హిరహకాయ" అని వచ్చింది. అవ్వ అర్థం కానట్టు నటించి దుప్పటి సర్దింది. "ఇంత అయినాక ఇప్పుడు అది గూడానా? ఊరుకోరా. ఇంకో పిల్ల దొరుకుతాది."

"నాకు ఇంకో హిల్ల హద్దు!" అన్నాను. దానికి నర్సమ్మ నవ్వింది, నేను నవ్వలేకపోయాను. ఆ మంచం మీద పడుకొని, ఈ బతుకులో నాకు కావాలని అనిపించిన ఒకే ఒక్క మనిషి శుక్రవారం ఇంకొకడికి కేసరి పెడుతుందని తలుచుకొంటే, గొంతు బిగిసినప్పటి కంటే ఎక్కువ కష్టంగా ఉండింది.

బస్సు మామ మాత్రం ఊరుకోలేదు. ఫోన్ ఎత్తకపోవచ్చు కానీ బస్సు ఆ ఊళ్ళో ఆగక తప్పదు కదా. తన బస్సు డ్రైవరుకు ఫోన్ చేసి, "మాప్పిళ్ళ ఆస్పత్రిలో ఉండాడు, ఒళ్ళంతా వాచిపోయినాది, ఊపిరి ఆడలేదంట అని ఆ ఇంట్లో చెప్పిపో" అన్నాడు. డ్రైవరు ఆ కబురుకు దారిలో తనవంతు కొంత చేర్చి, అక్కడికి చేరేసరికి నా ప్రాణం ఇంకా పోలేదు అన్నంత వరకు తెచ్చాడు.

సాయంత్రం టీ వేళకు వార్డు తలుపు దగ్గర మల్లెపూలు కనిపించాయి. ఈసారి తల వంచుకొని లేదు. పక్కన వాళ్ళ అవ్వ. ఇద్దరూ బస్సు దిగి నడిచి వచ్చినట్టున్నారు, రొప్పుతున్నారు. ఆ పిల్ల మంచం దాకా వచ్చి, నన్ను పై నుంచి కింది దాకా చూసి, కాళ్ళ దగ్గర కాసేపు ఆగి (గోరు చూసి గుర్తుపట్టింది, నాకు తెలుసు), మళ్ళీ ముఖం చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేనే కలిపినా," అంది.

"ఏమి కలిపినావు?" అని మా అవ్వ లేచింది.

"కేసరిలో. కారప్పొడి. ఆయన ప్లేటులో మాత్రం." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వచ్చినోళ్ళంతా తిని బాగుండాది అని చెప్పి, ఇంటికి పోయి పిల్ల నలుపు, పిల్ల పొట్టి అని కబురు పంపిస్తా ఉండారు. ఒగడన్నా నా ఎదురుగా నిజం చెప్తాడా అని చూసేదానికి కలిపినా. ఇంతకు ముందు వచ్చినోనికి గూడా కలిపినా. కండ్లలో నీళ్ళు పెట్టుకొని మరీ శానా బాగుండాది అన్నాడు. ఇట్లా అయితాదని నాకు తెలీదు. చచ్చిపోయినారేమో అని బస్సులో ఏడుస్తానే వచ్చినా."

మా అవ్వ నోట్లోంచి తిట్లు మొదలయ్యాయి. నా మనవణ్ణి చంపేదానికి పుట్టినావా అంది. వాళ్ళ అవ్వ ఊరుకుంటుందా, "మాప్పిళ్ళకు ఇట్లాంటిది ఉండాదని దాచిపెట్టి తెచ్చింది ఎవురు?" అని ఎదురు తిరిగింది. ఇద్దరు ముసలివాళ్ళ గొంతులకు నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆ గోలలో ఆ పిల్ల మంచం మీదికి కాస్త వంగింది.

"ఒగ మాట అడగాల. నాకు పడదు అని అరిచిరి గదా. ఏమి పడదు? నేనా?"

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ నా వైపే చూస్తోంది, ఆ మాట చెబితే చంపేస్తాననే చూపు. నేను పుట్టిన తర్వాత మొదటిసారి ఆమె మాట దాటాను.

"హిరక్కాయ," అన్నాను.

"ఏంది?"

"హి-ర-క్కా-య!"

ఆ పిల్ల ఒక్క క్షణం అలాగే చూసి, చేతిలోని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. కళ్ళనిండా నీళ్ళతోనే పగలబడి నవ్వింది. వార్డులో మంచాల మీద ఉన్నవాళ్ళు తలలు ఎత్తి చూశారు. నాకూ నవ్వొచ్చింది కానీ నవ్వే సరంజామా పనిచేయలేదు. "అట్లయితే శానా బాగుండాది అన్నది?" అంది నవ్వు మధ్యలో. "అహద్ధం," అని ఒప్పేసుకున్నాను. "నుహ్వు చేసినాహని తిన్నా."

ఆ మాట వినగానే ఆమె గబుక్కున తిరిగి బస్సు మామ చేతిలోని ఫోన్ లాక్కుంది. మామ నంబరు చూసి ఎత్తకూడదనుకొని, మళ్ళీ ఏదైనా ప్రాణం మీదికి వచ్చిందేమోనని భయపడి వాళ్ళ నాయన ఎత్తినట్టున్నాడు. ఆమె మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"నాయనా, నేనే మాట్లాడేది. ఆయనకు పడనిది నేను గాదు. మిరక్కాయ. అవును, మిరక్కాయే. ఒళ్ళుకు పడదంట. కేసరిలో కలిపింది నేనే, ఇంటికి వచ్చినాక తిట్టు. శుక్రవారం వాళ్ళను రావద్దని చెప్పు."  తర్వాత ఆ మీసాల గొంతు, ఫోన్‌లోంచి మంచం దాకా వినబడేటంత ఆశ్చర్యంతో, "మిరక్కాయ తినకుంటే మనిషి ఏమి తిని బతుకుతాడే?" అంది.

"అది నేను చూసుకుంటా," అందామె.

ఇద్దరు అవ్వలూ ఒకేసారి ఆగిపోయారు. మా అవ్వ కాసేపు ఆ పిల్లను చూసి, తిట్టడానికి ఎత్తిన చేత్తోనే ఆమె తల మీది మల్లెపూలు సరిచేసింది. తర్వాత వాళ్ళ అవ్వ వైపు తిరిగి, "మీ పుట్టిల్లు ఏ ఊరన్నావు?" అని అడిగింది. పది నిమిషాల్లో ఇద్దరికీ చుట్టరికం కలిసింది.

చూసుకుంటానన్నది, చూసుకుంది. మా ఇంట్లో పొయ్యి మీద ఎప్పుడూ రెండు గిన్నెలు. నా దాంట్లో మిరియం, ఆమె దాంట్లో మిరపకాయ. గరిటెలు వేరు, రోలు వేరు. ఆమె పచ్చడి నంజుకున్న పూట నాతో దూరం నుంచే మాట్లాడాలి, అది ఇంటి చట్టం. (మా ఇద్దరికీ మాటా మాటా పెరిగిన రోజున ఆమె కావాలనే రెండు పచ్చిమిరపకాయలు కొరికి, మంచానికి ఆ చివర కూర్చొని, "ఇప్పుడు రా చూద్దాం" అంటుంది. ఏ చట్టాన్నైనా ఇలా దుర్వినియోగం చేసేవాళ్ళు ఉంటారు.)

అన్నట్టు, ఆ వాపు రెండు రోజుల్లో దిగిపోయింది. నిశ్చితార్థానికి నేను నా మామూలు ముఖంతో, గోరు కూడా తీసుకొని, కొత్త చొక్కాలో వాళ్ళింటికి పోయాను. పక్కపక్కన కూర్చోబెట్టారు. ఆమె ఓరగా చూసింది, మళ్ళీ చూసింది, తర్వాత చెవి దగ్గర "ఎవురు మీరు?" అంది. పెళ్ళిచూపుల్లో ఆమె చూసింది నా కాళ్ళను మాత్రమే కదా. ఆసుపత్రిలో చూసి సరేనన్నది ఆ ఉబ్బిన ముఖాన్ని. "అప్పుడే బాగుండిరి. బుగ్గలు నిండుగా, పెదవులు ఇంతింత. ఇప్పుడు ఏమీ లేదే, ఎండిపోయిన బీరకాయ మాదిరి," అని నిజంగానే దిగులు పడింది. ఎదురుగా నిజం చెప్పేవాడు కావాలన్న మనిషికి, తాను చెప్పడంలో మాత్రం ఏ మొహమాటమూ లేదు. ఆ దిగులు చాలా ఏళ్ళు ఉండింది. పెళ్ళి ఫోటోలు చూసినప్పుడల్లా నా మీద వేలు పెట్టి "ఈయన గాదు" అనేది.

ఇప్పుడు నాకు నలభై అయిదు దాటాయి. పాల వ్యాను ఇంకొకరు తోలుతున్నారు, నేను కూర్చొని లెక్క చూస్తాను, కూర్చున్నకొద్దీ మనిషి పెరుగుతాడు. మొన్న పొద్దున అరుగు మీద అద్దం పెట్టుకొని గడ్డం గీసుకుంటున్నాను. కళ్ళ కింద సంచులు, బుగ్గలు నిండుగా, కింది పెదవి కాస్త బరువుగా వేలాడుతూ. ఇదేమిటి ఇలా అయిపోయానని నాకు మనసు చిన్నబోయింది. గడ్డి మోపుతో వెనక నుంచి పోతున్న ఆమె ఆగి, మోపు దించి, అద్దంలో నా ముఖాన్ని చాలా సేపు చూసింది. ఆ రోజు వార్డులో నవ్విన నవ్వే నవ్వి, "వచ్చినాడు చూడు, నేను సరేనన్న మాప్పిళ్ళ!" అంది. ఆమెకు నచ్చిన ముఖం నాకు రావడానికి ఇన్నేళ్ళు పట్టింది.